కొండచిలువ గారి ప్రసూతి సెలవు

మానవజాతి నిప్పును, చక్రాన్ని, ఆధార్ కార్డును కనిపెట్టింది గాని, ఏ పేరు ఎవరి సొత్తో తేల్చే ఆఫీసును మాత్రం వేల ఏళ్లుగా కనిపెట్టలేకపోయింది. ఆ వెలితి కిందటి సంవత్సరం కోయంబత్తూరులో తీరింది. ‘వన్యప్రాణుల పేర్ల వాడకపు క్రమబద్ధీకరణ నిబంధనలు’ అని ముప్ఫై ఎనిమిది పేజీల పుస్తకం వెలువడింది. (ముప్ఫై తొమ్మిదో పేజీలో తప్పొప్పుల పట్టిక ఉంది. అందులోనూ ఒక తప్పుంది.) సారాంశం ఏమిటంటే, ఎవరైనా అడవి జంతువు పేరును వ్యాపారానికో, చదువుకో, ఆటకో వాడుకుంటే, జిల్లాలో నివాసమున్న ఆ జంతువు దగ్గరికి స్వయంగా వెళ్లి నిరభ్యంతర పత్రం తెచ్చుకోవాలి.

పులి పేరుతో సోడా అమ్మేవాళ్లు నిబంధనలు చదివిన రోజే దాన్ని పిల్లి సోడాగా మార్చుకున్నారు. ఏనుగు పేరుతో అగ్గిపెట్టెలు చేసేవాళ్లు ధైర్యవంతులు. వాల్పారై రోడ్డు మీద దరఖాస్తు పట్టుకుని నిలబడ్డారు. ఏనుగు వచ్చి దరఖాస్తు తినేసి వెళ్లింది. తిన్నదంటే తీసుకున్నట్టేనని, రసీదు కోసం ఏనుగును వెంబడించడం దరఖాస్తుదారు సొంత పూచీ అని ఆఫీసు తేల్చింది.

అసలు చిక్కు పైథాన్ దగ్గర వచ్చింది. మనం కొండచిలువ అని పిలిచి ఊరుకునే ఆ ప్రాణి ఇంగ్లీషు పేరును ఎంతమంది వాడుకుంటున్నారో లెక్క తీస్తే ఆఫీసుకే కళ్లు తిరిగాయి. కంప్యూటర్ భాష నేర్పే సెంటర్లు నలభై ఒకటి. సింగానల్లూరులో ఒక కండల కేంద్రం. ఉడుమలైపేటలో కబడ్డీ జట్టు. బోరుబావిలోకి దించే నల్ల గొట్టం. ఒక మోటారు సైకిల్ సైలెన్సరు. ఆడవాళ్ల చేతిసంచీ (దాని మీద మచ్చలు కూడా వేశారు, ఇది వేరే సెక్షను). గ్రీకు పురాణంలో దేవుడి బాణానికి చచ్చిన పైథాన్ మీద పరిశోధన చేసే ఒక ప్రొఫెసర్ గారు సైతం నిజాయితీగా దరఖాస్తు పెట్టారు. చచ్చినవారి విషయంలో వారసుల ధ్రువపత్రం జతచేయమని ఆయనకు జవాబు వచ్చింది.

ఇంతమందికీ సమ్మతి ఇవ్వడానికి జిల్లాలో చిరునామా ఉన్న కొండచిలువ ఒక్కటీ లేదు. అడవిలో ఉన్నవాటికి ఇంటి నంబరు లేదు. ఇంటి నంబరు లేనిదే ఆఫీసు యాప్ రెండో పేజీకి పోనివ్వదు.

సరిగ్గా అప్పుడే, ఎండలు ముదిరే చిత్తిరై నెలలో, ఉడుమలైపేట పక్కన కోమలవల్లి తోటలోని మోటారు రూములోకి పన్నెండడుగుల కొండచిలువ ఒకటి వచ్చి స్టార్టరు పెట్టె కింద గుడ్లు పెట్టి చుట్టుకుని పడుకుంది. ఆ వైపే స్థిరపడ్డ మా తెలుగువాళ్లలో కోమలవల్లి నాకు చిన్నమ్మ. కాబట్టి ఈ వ్యాసంలో నేను తటస్థంగా ఉంటానని ఎవరూ ఆశపెట్టుకోవద్దు.

చిన్నమ్మ తోటలో పాత కొబ్బరిచెట్లు వేరు తెగులుకు పోయాయి. వాటిని కొట్టించిన చోట నూట ఇరవై మొక్కలు తన చేత్తో నాటింది. మావైపు కొబ్బరి మొక్కను తెన్నంపిళ్లై అంటారు, అంటే కొబ్బరి పిల్ల, మొక్క కూడా పిల్ల లెక్కే. మూడు నెలల పిల్లలు. ఎండాకాలం గడిచేదాకా రెండు రోజులకొకసారి నీళ్లు తగలకపోతే బతకవు. నీళ్లు బావిలో ఉన్నాయి, మోటారు బావి మీద ఉంది, స్విచ్చి కొండచిలువ తల మీద ఉంది.

ఆవిడ కూతురు వినోదిని ఫోనులో ఆ ఆఫీసు యాప్ తెరిచి, పామును తీసుకెళ్లమని ఫిర్యాదు పెట్టింది. ఈ అమ్మాయి సింగానల్లూరులో కంప్యూటర్ భాష నేర్పే టీచరు. సమ్మతి లేక ఆమె సెంటరుకే తాళం పడేలా ఉంది. యాప్ చిరునామా అడిగితే, మోటారు రూము గోడ మీద ఎర్ర పెయింటుతో రాసి ఉన్న కరెంటు కనెక్షన్ నంబరు కొట్టింది. యాప్ ఎంతో సంతోషించి రెండో పేజీకి పోయింది.

మర్నాడే జీపు వచ్చింది. జీపులోంచి నామసామ్య నియంత్రణ ఉప అధికారి కల్యాణసుందరం గారు దిగారు. (ఇంట్లో తెలుగు, ఆఫీసులో తమిళం, ఫైల్లో ఇంగ్లీషు. మూడింటిలోనూ ఆయన నోట ‘కాదు’ అన్న మాట స్పష్టంగా పలుకుతుంది.) వెనకాల కాపలాదారు మారిముత్తు ఒక కుర్చీ, ఇంకు ప్యాడు పట్టుకుని దిగాడు.

“ఎత్తుకోని పోతారా సార్? గుడ్లు పగలకుండా ఎత్తల్ల. పచ్చి బాలింత అది,” అంది చిన్నమ్మ.

“ఎత్తేదా? ఏనమ్మా అట్ల సెప్తారు! జిల్లాకంతా అడ్రస్ ఉండే పైథాన్ ఇదొకటే. ఇంక ఇదే సమ్మతి అధికారి. ఇది క్యాంపాఫీసు.”

“అయితే నా మోటారు?”

“ఆఫీసరును మార్చాలంటే ట్రాన్స్‌ఫర్ ఆర్డరు కావాలమ్మా. ఇంకో తావులో ఖాళీ ఉండాల.”

స్విచ్చిని బయటి గోడకు మార్చుకుంటానని చిన్నమ్మ అర్జీ పెట్టింది. అధికారి కూర్చున్న గదిలో మార్పులు చేయాలంటే ఆ అధికారి రాతపూర్వకంగా ఒప్పుకోవాలని జవాబు వచ్చింది.

సోమవారం నుంచి క్యూ మొదలైంది. పద్ధతి చాలా సులువు. దరఖాస్తును మూడడుగుల దూరంలో ఒక నిమిషం చూపించాలి. కొండచిలువ బుసకొట్టకపోతే అభ్యంతరం లేనట్టు. బుసకొడితే వచ్చే వారం రావాలి. కబడ్డీ జట్టు ఏడుగురూ యూనిఫాంలో వచ్చారు. కండల కేంద్రం యజమాని చొక్కా విప్పి నిలబడ్డాడు. (ఇది నిబంధనల్లో లేదు, ఆయన సొంత ఉత్సాహం.) బుస తగిలి అతను చొక్కా అక్కడే వదిలేసి ఉడుమలైపేట బస్సెక్కాడు. గొట్టాల వ్యాపారి గొట్టమే తెచ్చి పక్కన చాపి చూపించాడు. కొండచిలువ దాన్ని చాలాసేపు చూసింది. ఆ ఫైలు ఇప్పటికీ పెండింగు.

వినోదిని తన వంతు వచ్చేసరికి ఒక మాట అనకుండా ఉండలేకపోయింది. “సార్, ఈ కంప్యూటర్ భాషకు పేరు పాము వల్ల రాలేదు. యాడనో ఇదే పేరు పెట్టుకోని జనాల్ని నవ్వించే నాటకం వాళ్ల మీద అభిమానంతో పెట్టినారంట.”

కల్యాణసుందరం గారు కలం తెరిచారు. “సరి. అట్లయితే ఆ నవ్వించే వాళ్ల దగ్గర కూడా ఒక పత్రం తీసుకోని రామ్మా.”

ఇదంతా చిన్నమ్మ వారం రోజులు చూసింది. దూరంగా తెన్నంపిళ్లల ఆకుకొసలు పసుపు తిరుగుతున్నాయి. ఇక్కడేమో రోజుకు నలభైమంది పాము ముఖం మీద కాగితాలు ఆడిస్తున్నారు. పాము గుడ్లను ఒంటితో కప్పుకుని వణుకుతోంది. గుడ్లకు వేడి పుట్టించడానికి అలా వణుకుతుందని మారిముత్తు చెప్పాడు. ఆ మాట వినగానే చిన్నమ్మకు ఒళ్లు మండింది. పాము తన మోటారును పట్టుకుంది నిజమే, దాని మీద కోపమూ నిజమే. కానీ వాళ్ల ఇంట్లో ఒక ఆచారం ఉంది. ఏ వాకిట పురుడు జరిగితే ఆ వాకిట వేపమండ కడతారు. అది కట్టి ఉన్నన్నాళ్లూ బయటివాళ్లు లోపలికి రాకూడదు, బాలింతను ఏదీ అడగకూడదు. పసుపైనా సరే, పిడకైనా సరే, అడిగి తీసుకోకూడదు. పక్క తమిళ ఇళ్లవాళ్లు కూడా ఆ వేపమండ చూస్తే వాకిట్లోంచే తిరిగిపోతారు.

చిన్నమ్మ వేపమండ విరుచుకొచ్చి మోటారు రూము తలుపుకు కట్టింది. క్యూ ముందు చేతులు చాపి నిలబడింది.

“పురుటింట్లో సెయ్యి సాపేదానికి సిగ్గు లేదా మీకు? పోండి! ముప్పై దినాలు ఎవురూ ఈడికి రాగూడదు. బిడ్డల్ని కన్న తల్లి దగ్గర సంతకం అడుగుతారా ఎవురన్నా?”

క్యూ చెదిరింది. సైలెన్సరు వాడు మాత్రం కాసేపు వాదించి, ఆవిడ చేతిలో ఇంకో వేపమండ చూసి ఆగిపోయాడు. ఆ పూట చిన్నమ్మను చూసి నేను నిజంగా గర్వపడ్డాను. ఆ గర్వం మర్నాడు పదకొండింటిదాకా ఉంది.

పదకొండింటికి కల్యాణసుందరం గారు వచ్చి వేపమండను చూసి, చెప్పులు విప్పి, రెండు చేతులూ జోడించారు.

“మీరు సెప్పిందాంట్లో ఞాయం ఉండాదమ్మా. మేము యోచన సెయ్యలేదు. మా అమ్మ కూడా ఇట్లనే వేపమండ కడతా ఉండె.” ఆయన నిజంగానే కళ్లు తుడుచుకున్నారు. నేను చూశాను. ఆయన చెడ్డవాడు కాడు. అదే మా దురదృష్టం. “ముప్పై దినాలు కాదు. రూల్స్ ప్రకారం ప్రసూతి సెలవు పన్నెండు నెలలు. ఇప్పుడే శాంక్షన్ సేస్తా ఉండాను.”

చిన్నమ్మ సంతోషంగా తలూపింది. అప్పటికి పూర్తిగా అర్థం కాలేదు. ఆయన చదువుతూ పోయారు. సెలవులో ఉన్న అధికారిని బదిలీ చేయరాదు. క్వార్టర్సు ఖాళీ చేయించరాదు. విశ్రాంతికి భంగం కలగకుండా క్వార్టర్సుకు సీలు వేయాలి. మారిముత్తు తలుపు కింద పాము తిరగడానికి జానెడు సందు వదిలి, పైన తాళం వేసి, లక్క కరిగించి ముద్ర కొట్టాడు. ముద్ర పడేచోట వేపమండ అడ్డం వస్తే మర్యాదగా పక్కకు జరిపాడు.

సమ్మతి ఇచ్చే అధికారి సెలవులో ఉన్నందున జిల్లాలో ఆ పేరు పలకడం ఆగిపోయింది. వినోదిని సెంటరులో పిల్లలు, పాతకాలం ఆడవాళ్లు మొగుడి పేరు చెప్పనట్టు, ‘అదే, ఆ భాష’ అంటూ చదువుకుంటున్నారు. ఇద్దరికి అలాగే ఉద్యోగాలు కూడా వచ్చాయి. కంపెనీలవాళ్లు ఏ భాష అని అడగలేదట.

చిన్నమ్మ రోడ్డు పక్క కుళాయి నుంచి బిందెలతో నీళ్లు మోసింది. కుళాయి రెండు రోజులకొకసారి గంటసేపు వస్తుంది. నూట ఇరవై మొక్కలకు గంటలో నీళ్లు మోయడం ఎవరివల్లా కాదు. వినోదిని ఆదివారాలు, నేను వీలైనప్పుడల్లా మోశాం. ముందు రోడ్డు వైపు వరసలు బతికించుకుందాం అనుకున్నాం. తర్వాత రెండు వరసలు. తర్వాత ఒకటి. ఏ మొక్కకు నీళ్లు పోయాలో, దేన్ని వదిలెయ్యాలో ఎంచుకోవలసి రావడం చిన్నమ్మను బిందె బరువు కంటే ఎక్కువ కుంగదీసింది. వదిలేసిన వరస పక్కనుంచి పోయేటప్పుడు తల తిప్పుకునేది.

రెండు నెలలకు, ఆని నెలలో, గుడ్లు చిట్లాయి. జానెడున్నర పిల్లలు ఇరవై రెండు, తలుపు సందులోంచి ఒకదాని వెనక ఒకటి బయటికొచ్చి, కంచె దాటి వంక వైపు వెళ్లిపోయాయి. చివర తల్లి వచ్చింది. చిక్కి సగమైంది. చిన్నమ్మ దారి ఇచ్చి పక్కకు నిలబడింది.

“పోయిరా తల్లీ. నీ పిల్లలన్నా బతికినాయి,” అంది.

ఆ వెంటనే ఆఫీసుకు ఫోను చేసింది. పాము వెళ్లిపోయింది, సీలు తీయమని. రెండు రోజులకు మారిముత్తు వచ్చి తలుపు మీద ఒక నోటీసు అంటించాడు. అది పాముకు రాసినది. సెలవు కాలంలో అనుమతి లేకుండా హెడ్‌క్వార్టర్సు విడిచిపెట్టినందుకు మీపై ఎందుకు చర్య తీసుకోకూడదో పదిహేను రోజుల్లో వివరించగలరు. సీలు సంగతి అడిగితే, అధికారి తిరిగి డ్యూటీలో చేరి సంతకం చేస్తేనే అది తీస్తారట.

చిన్నమ్మ ఇంట్లోకి పోయి గడ్డపార తెచ్చింది. తాళం మీద పెట్టింది. మారిముత్తు అడ్డం వచ్చి తాళాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు.

“అక్కా, సీలు నా పేర్న ఉండాదక్కా. ఇంక మూడు నెల్లలో నాకు రిటైర్మెంటు. ఇది పగిలితే నా పెన్షను నిలిపేస్తారు. అడుక్కుంటా ఉండాను, వద్దక్కా.”

గడ్డపార దించడానికి చిన్నమ్మకు చాలాసేపు పట్టింది. దించింది. దించిన తర్వాత మారిముత్తుకు మజ్జిగ కూడా ఇచ్చింది. ఈ దేశంలో ప్రతి తాళానికీ ఒక మంచివాణ్ణి కాపలా పెడతారు. అందుకే తాళాలు పగలవు.

ఆ మరుసటి నెల, ఆడిలో, గాలి మొదలైంది. వానలేని గాలి, పడమటి కొండల మధ్య పాలక్కాటు సందులోంచి పొద్దస్తమానం కొడుతుంది. నూట ఇరవైలో తొమ్మిది మిగిలాయి. ఒక బుధవారం కల్యాణసుందరం గారు తనిఖీకి వచ్చారు. వినోదిని క్లాసులో ఉంది, నేను ఊళ్లో లేను. తోటంతా తిరిగి ఎండిన మట్టలను బూటుతో కదిపి చూసి, మూడు పేజీలు ఇంగ్లీషులో రాసుకున్నారు. చిన్నమ్మ తమిళంలో మూడో క్లాసు దాకా చదివింది.

“ఈడ సంతకం పెడితే సీలు తీసేస్తామమ్మా. క్వార్టర్స్ రద్దు. తాళంచెవి మీదే.”

చిన్నమ్మ ఇంకేమీ అడగలేదు. తమిళ అక్షరాలు ఒక్కొక్కటే కూడబలుక్కుంటూ సంతకం పెట్టి, తాళంచెవి లాక్కున్నంత పని చేసి, లోపలికి పోయి స్విచ్చి వేసింది. మోటారు దగ్గి దగ్గి నీళ్లు కక్కింది. నాలుగు నెలల తర్వాత ఆ కాలవలో నీళ్లు పారుతుంటే ఆవిడ పక్కన నడుస్తూ పోయింది, పసిపిల్లకు నడక నేర్పుతున్నట్టు. మొదటి మొక్క పాదులో నీళ్లు నిండుతుండగా కల్యాణసుందరం గారు మెల్లగా దగ్గరికొచ్చారు.

“మోటారు ఆపేయండమ్మా. నీళ్లు లేవు, ఎండుటాకు ఉండాది, మనుషులు తిరిగే నడమాట్టం లేదు. అందుకోసరం దీన్ని కొండచిలువలకు సహజ ఆవాసమని డిక్లేర్ సేసినాము. ఇంక ఈడ నీళ్లు పెడితే ఆవాస భంగం. కేసవుతుంది.”

“నీళ్లు లేకుండా సేసింది నువ్వే కదా తంబీ!”

“కారణం రాసేదానికి ఆ ఫారంలో తావు లేదమ్మా. మీరే ఒప్పుకోని సంతకం పెట్టుండారు.”

చిన్నమ్మ కాలవ గట్టు మీద కూర్చుండిపోయింది. మారిముత్తు తలొంచుకుని లోపలికి పోయి స్విచ్చి ఆపాడు.

ఈ నాలుగు నెలల్లో చిన్నమ్మ పెట్టిన అర్జీలు పదకొండు. వాటి మీది సంతకాలు ఆవిడవేనా కాదా అని ఆఫీసు ఇంకా పరిశీలిస్తోంది. పన్నెండో సంతకం మాత్రం అక్కడికక్కడే చెల్లింది.