పరుగెత్తే వార్తను పట్టిన పోలమ్మ

సకల దేశాల సంధి విగ్రహాలూ, సంతల ఉత్థాన పతనాలూ, తారామణుల కల్యాణ కలహాలూ డిష్ గొడుగుల మీద కుండపోతగా కురిసే ఈ కలికాలంలో, నారికేళ వన సంకులమైన ఉద్దానసీమకు సింహద్వారమై, వేగుతున్న జీడిపిక్కల పొగతో నిత్యం తనకు తానే ధూపం వేసుకునే పలాస పట్టణంలో, ఒకానొక జీడి కార్ఖానా రేకుల షెడ్డు కింద, భోజన విరామమనే అర్ధఘంటా మహాముహూర్తాన జరిగిన ఘోర సంగ్రామాన్ని సావధానంగా ఆలకించండి.

ఆ సంగ్రామ నాయిక పోలమ్మ. జీడిపొట్టు విదళన ప్రవీణ, ఒక్క గుండుపప్పునైనా బద్ద కానివ్వని హస్తలాఘవ ధురీణ. అక్షరవిద్య మాత్రం ఆమెకు ఆలస్యంగా, కూతురి వాచకం పక్కన కూర్చుంటే అబ్బింది. కూడబలుక్కుని ఏదైనా చదవగలదు, అక్షరం కదలకుండా నిలబడితే.

నలభై మంది ఆడవాళ్లు క్యారేజీలు విప్పుతున్న వేళ, సూపర్‌వైజర్ కామేశ్ ఫోను చేతబట్టి ప్రవేశించాడు.

"అమ్మలూ, రేపట్నుంచి మూడ్రోజులు పనికి రాకండి. బయట దేశపోలు మన పప్పు మీద సుంకం పెంచీసినారట. సరుకెల్లదు."

ఆ పలుకు పిడుగై పడగా, నోటి దాకా వెళ్లిన ముద్దలు గాలిలోనే నిలిచిపోయాయి. మూడు దినాలు పొయ్యి ఎలా వెలిగించాలా అని పోలమ్మ దిగులుపడింది. అయినా తేరుకుని అడిగింది.

"ఎవలు సెప్పినారు బాబూ?"

"ఫోన్లో వొచ్చింది. టీవీలోనూ ఏత్తన్నాడప్పా. కింద ఎర్రపట్టీలో తిరుగుతంది."

"అయితే నాను సదూతాను."

"నువ్వా! నువ్వు సదివీసరికి అది శ్రీకాకుళం దాటెల్లిపోద్ది," అని కామేశ్ నవ్వాడు.

ఆ నవ్వు విషదిగ్ధ బాణమై చెవిన నాటుకోగా, పోలమ్మ కొంగు బిగించి, సింహకిశోరంలా లేచి గర్జించింది. "ఓలమ్మలారా! వేడి పిక్కకి బెదరని సేతులివి. పరిగెట్టే గీతకి బెదురుతాయేటి? ఈయేళ ఆ వార్తన్నా ఉండాల, నానన్నా ఉండాల!"

ఆరు గళ్లలో ఆరుగురు పండితులు ఏకకాలంలో అరుస్తున్న, షెడ్డు గోడ మీది టీవీ ఎదుట ఆమె నిలిచింది. ఎర్రపట్టీ మీద శత్రుసేన కదిలింది. ముందుగా ఒక సినీతార విడాకులు, వెనుక ఎవరిదో కాల్పుల విరమణ, దారి మళ్లిన చమురు నౌకలు, ఎవరికో సాహిత్య పురస్కారం, బంగారం ధర. ఆ వెనుక, రోజూ డబ్బాల మీద చూసే అక్షరాలే!

"జీ... డి... ప... ప్పు!" అని ఆమె వేలితో అదిమేలోగా మిగతా సేన ఎడమ అంచు దాటి పారిపోయింది.

మరుచుట్టుకు పోలమ్మ వ్యూహం మార్చింది. పట్టిన మాటను వదిలేసి, దాని వెనుక మాట కోసం కుడి అంచున పొంచి నిలిచింది. "సుంకం" చిక్కింది. ఇంతలో ప్రకటనల ధూళి లేచి, పళ్లపొడులూ అపార్టుమెంట్లూ రణరంగాన్ని కప్పేశాయి.

"వదినా, కూడు సల్లారిపోతంది," అంది పక్క పీట నాగమణి.

"కూడెక్కడికీ పరిగెట్టదే. నువ్వు తిను."

మూడో చుట్టులో "పెంపుపై" దొరికింది.

"పెంపంటే పెంచీసినట్టే కదొదినా!" నాగమణి గొల్లుమంది.

"ఆగే! పై అనుంది. ఎనకాల ఇంకేటో ఉంది."

ఆ వెనుకనున్నది "నిర్ణయం". అందులో రకారమూ ణకారమూ పెనవేసుకుని పద్మవ్యూహమై నిలిచాయి. దాన్ని ఛేదించడానికి రెండు చుట్లు పట్టింది. "మళ్లీ"కి మరొకటి.

అప్పుడు గంట మోగింది. కామేశ్ రిమోట్ ఎత్తి నొక్కాడు. టీవీ ఆరలేదు. రిమోటుకూ టీవీకీ నడుమ దుర్గప్రాకారంలా పోలమ్మ వీపు! అతడు కుడికి జరిగితే ఆమె కుడికి, ఎడమకు జరిగితే ఎడమకు.

"అడ్డు లెగప్పా!"

"ఒక్క మాటుంది బాబూ, ఒక్కటే!"

కుడి అంచున కడపటి శత్రువు తల ఎత్తింది.

"వా... యి... దా!"

పోలమ్మ వెనుదిరిగి, షెడ్డు రేకులు అదిరేలా ఏకధాటిగా పలికింది. "జీడిపప్పు సుంకం పెంపుపై నిర్ణయం మళ్లీ వాయిదా! పెంచనేదు బాబూ. ఇంకా తేల్చనేదు!"

కామేశ్ ఫోను చూసుకున్నాడు. అందులో శీర్షిక "పెంపుపై" దగ్గరే మూడు చుక్కలతో తెగిపోయి ఉంది. బయటికి వెళ్లి యజమానితో మాట్లాడి, మెడ రుద్దుకుంటూ తిరిగి వచ్చాడు.

"సరే, రేపు రండి. ఎల్లుండి సంగతి రేపు సెప్తాను."

నలభై కంఠాలు ఒక్కసారిగా ఘోషించాయి. పోలమ్మ చేతిని నాగమణి పట్టుకుని వదల్లేదు.

అష్టదిక్పాలకులారా, ఆరుగురు పండితులారా, ఆలకించండి! పలాస పోలమ్మ పరుగెత్తే వార్తను పట్టింది. నలభై మందికి ఒక దినం పని గెలిచింది. ఆరు మాటలు, ఒక్క అక్షరం పొల్లుపోకుండా చదివింది. ఆ ఊపులో ఏడోది కూడా చదివేసింది గానీ, అది సినీతార విడాకుల తాలూకుది.