మా ఇంటికి రాని శుక్రవారం

మీరు నవ్వనంటేనే చెబుతాను. మా చర్చి సంఘం వాళ్ల చెవిన పడుతుందేమోనని భయం లేదు. వాళ్లంతా కళ్లారా చూసినవాళ్లే.

మా కొడుకు వెస్లీ, కోడలు మహిమ ఇద్దరిదీ కంప్యూటర్ పనే. వాడు ప్రోగ్రాంలు రాస్తాడు, ఆమె ప్రోగ్రాంలలో తప్పులు పట్టుకుంటుంది. ఆఫీసులు వేరు గాని, ఇంట్లో మాత్రం ఆమె పని వాడి మీదే.

"కూరల ఉప్పు ఎక్కువైంది," అంటాడు వాడు.

"ఎక్కడ ఎక్కువైంది? మొదటి ముద్దలనా, చివరి ముద్దలనా? మళ్ల తిని చూపెట్టు."

వాడు మళ్లీ తింటాడు. వాడి పొట్ట అట్లా పెరిగిందే.

చాలా సాయంత్రాలు వాడి స్నేహితులు లాప్‌టాప్‌లో కలుస్తారు. వాళ్ల ముచ్చటంతా చేసిన తప్పుల గురించే. సిరిసిల్ల ఓంప్రకాశ్ ఒక బట్టల దుకాణం లెక్కలన్నీ ఒక్క నొక్కుతో తుడిచేశాడట, అప్పటి నుంచి అతడు డిలీట్ ఓంప్రకాశ్. అలేఖ్య అనే అమ్మాయి పుట్టినరోజు దీవెనలు పంపే ప్రోగ్రాం రాస్తే, అది ఒకే పెద్దమనిషికి తెల్లారేదాకా దీవెనలు పంపిందట. ఆయన ఎవరో పగబట్టారని పోలీసుల దగ్గరికి పోయాడట.

మా సంఘంలో అందరి ముందు తప్పులు ఒప్పుకుంటూ సాక్ష్యం చెప్పేటప్పుడు ఏడుస్తారు. వీళ్లు పొట్ట పట్టుకొని నవ్వుతారు. పశ్చాత్తాపం మాత్రం ఎక్కడా కనిపించదు.

అక్కడ అంత నోరున్న నా కొడుకుకు సంఘంలో నాలుక లేవదు. మా దగ్గర ప్రతి శుక్రవారం ఒకరింట్లో ప్రార్థన కూడిక జరుగుతుంది. ఎవరింట్లో జరిగితే ఆ ఇంటి మగమనిషి లేచి నిలబడి సాక్ష్యం చెప్పాలి. ఆ మాటంటేనే వెస్లీకి చెమటలు. ముందు వరసలో కూర్చొని "ఇంక? ఇంక చెప్పు బిడ్డా" అని పొడిచే రిబ్కమ్మ అంటే మరీ.

పోయినేడు పాస్టరయ్య వాడిని పిలిచి, ఏ వారం ఎవరింట్లో కూడికో ఫోన్‌లో వచ్చేటట్టు చేయమన్నాడు. వెస్లీ ఎన్నడూ లేనంత ఉత్సాహంగా యాప్ చేసిచ్చాడు. అందరూ మెచ్చుకున్నారు. నేనూ పొంగిపోయాను. ఏడాది గడిచింది. మా సంఘంలోని భూమవ్వ ఇంటికి కూడిక రెండు మార్లు వచ్చింది. మా ఇంటికి ఒక్కసారీ రాలేదు.

ఒకనాడు అన్నం తింటుంటే మహిమ అడిగింది.

"ఏమయ్యా, మన వంతు ఎందుకు వస్తలేదు?"

"గది యంత్రం ఇష్టం. చిట్టీ తీసినట్టు తీస్తది."

"ఏడాది సంది చిట్టీల మన పేరే లేదా?"

"మన తక్‌దీర్, మన రాత గట్లుంది."

"తక్‌దీరా, నువ్వా?"

"ఛీ ఛీ! దేవుని పనిల నేనెట్ల చెయ్యి పెడత?"

మహిమ చారు వడ్డించి ఊరుకుంది. తప్పులు పట్టేవాళ్లు ఊరుకుంటే భయపడాలి. వాడు భయపడలేదు, ఇంకో ముద్ద పెట్టించుకున్నాడు.

ఆ శుక్రవారం ప్రేమ్‌చంద్ ఇంట్లో కూడిక అని యాప్‌లో వచ్చింది. వెస్లీకి ఒంట్లో బాగా లేదట, పోనన్నాడు. బనీను, నిక్కరు మీద ముందుగదిలో లాప్‌టాప్ తెరిచి నవ్వులు మొదలుపెట్టాడు. నేను బయలుదేరబోతుండగా తలుపు చప్పుడైంది.

కీర్తనల పుస్తకంతో రిబ్కమ్మ. వెనక భూమవ్వ. ఆ వెనక పాస్టరయ్య. వాళ్ల వెనక ప్రేమ్‌చంద్ కూడా! చెప్పులు గడప దాటి, మెట్లు దాటి, వాకిట్లోకి పోయాయి.

"గిదేంది చిన్నమ్మా, ఇయ్యాల ప్రేమ్‌చంద్ మామ ఇంట్ల గదా?"

"మీ ఇంట్లనే అన్నరు బిడ్డా. జర జరుగు, మోకాళ్లు గుంజుతున్నయి."

వాడి ముఖం సున్నం కొట్టినట్టైంది. తల్లిని కదా, నన్ను పక్కకు లాగి, "అవ్వా, నా యాప్ నా మీదనే తిరగబడ్డది," అన్నాడు. చేతికందిన నా శాలువా కప్పుకున్నాడు.

"నిజంగనే జ్వరమున్నట్టుంది," అన్నాడు పాస్టరయ్య. లేని జ్వరం పోవాలని అందరూ వాడి నెత్తిన చేతులుంచి ప్రార్థన చేశారు. వాడు ఆమెన్ అన్నాడు. అది మాత్రం వినబడలేదు.

భూమవ్వ లాప్‌టాప్‌ను పక్కకు నెట్టి మంచం మీద కూర్చుంది. వంటింట్లోంచి మహిమ పెద్ద గిన్నెడు చాయ్ తెచ్చింది. నాకు అప్పుడే అనుమానం రావలసింది.

"యాప్‌ల తప్పు వడ్డదేమో," అని నసిగాడు వెస్లీ.

"తప్పా? నా ఫోన్ సంగతి ఇను," అంది రిబ్కమ్మ. "నా మొఖం చూపెడితె తెరుచుకోదు. మా తోటికోడలి మొఖం చూడంగనే తెరుచుకుంటది. ఆమెతోని నాకు మాటలే లేవు!"

"నేను చెన్నూరుకు బస్సు టికెట్ కొడితె, ఏదో యాపు నన్ను ఆడమనిషిని చేసింది," అన్నాడు ప్రేమ్‌చంద్. "బస్సుల అందరు నా మీసాల దిక్కే చూసిండ్రు."

అందరూ నవ్వారు. వెస్లీకి కాస్త ఊపిరి వచ్చింది. ఇట్లాగే గడిచిపోతుందనుకున్నాడు. కీర్తనలయ్యాక పాస్టరయ్య, "ఇంటాయన సాక్ష్యం," అన్నాడు.

వాడు లేచాడు. మహిమ దిక్కు చూశాడు. ఆమె చీర కొంగు సర్దుకుంటోంది.

"సాఫ్ట్‌వేర్ల చిన్న తప్పయింది..."

"ఇంక?" అంది రిబ్కమ్మ.

"గది... నేను చేసిన తప్పే."

"ఇంక?"

"మా ఇంటి వంతు రాకుండ యాప్‌ల ఒక లైన్ రాసిన."

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చాయ్ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాను.

"చాయ్ పొయ్యలేక కాదు చిన్నమ్మా. గిట్ల నలుగుట్ల నిలవడాలంటె కాళ్లు వణుకుతయి. యంత్రం ఇష్టమని మహిమకు అబద్ధం జెప్పిన. గా లైన్ గూడ సక్కగ రాయరాలే. మమ్ముల తప్పియ్యమంటె అందరిని మా ఇంటికే తోలింది."

అప్పుడు మంచం మీది నుంచి ఓంప్రకాశ్ గొంతు వినిపించింది. "అన్నా, మేమందరం ఈడనే ఉన్నం. కెమెరా బంద్ చెయ్యలే నువ్వు. శాలువ కింద నిక్కర్ కనవడుతుంది."

వాడు శాలువా కిందికి లాగాడు. పైన బనీను బయటపడింది.

రిబ్కమ్మ కళ్లు తుడుచుకుంది, నవ్వో ఏడుపో ఇప్పటికీ తెలియదు. "ఈ ఏడాదిల గింత నిజమైన సాక్ష్యం ఇనలే," అంది. పాస్టరయ్యకైతే ఎంత నచ్చిందంటే, ఆదివారం ఆరాధనలో మరొకసారి చెప్పమన్నాడు.

అందరూ పోయాక వాడు లాప్‌టాప్ ముందేసుకుని తల పట్టుకున్నాడు.

"ఎంత చూసినా గా లైన్ల తప్పు దొరుకుతలేదు."

"దొరకదు," అంది మహిమ గ్లాసులు ఏరుతూ. "అండ్ల తప్పు లేదు."

"మరి అందరెట్ల వచ్చిండ్రు?"

"నేనే ఫోన్లు చేసి రమ్మన్న."

వాడు లాప్‌టాప్ మూసేశాడు. "అయితే... నేను చెప్పకపోయినా ఎవ్వరికి తెల్వకపోవు?"

"తెల్వకపోవు. నాకు గూడ అనుమానమే ఉండె. నువ్వు రాసినవాట్ల తప్పు లేనిది గా లైనొక్కటే, దాన్నే నువ్వు తప్పని ఒప్పుకుంటివి."

మర్నాడు పొద్దున లేచి, సిగ్గుతో ఎవరి ముఖమూ చూడకుండా, వాడు ఆ లైన్ తీసేశాడు.

మళ్లీ శుక్రవారం వచ్చింది. అందరి ఫోన్‌లలో మా ఇల్లే. ఆ పై శుక్రవారం చూస్తే మా ఇల్లే. ఆ తరువాతవన్నీ మా ఇల్లే.

"నేనైతె ఎవ్వరికి ఫోన్ చెయ్యలే, ఈసారి తప్పు నీ యాప్‌లనే," అంది మహిమ.

వెస్లీ ప్యాంటు తొడుక్కుని, పక్కింటికి కుర్చీలు అడగడానికి పోయాడు.