మంత్రిగారి అశ్వరక్షణ శైలి

"ప్రజలు ఆలోచించడం మానేశారు. అందుకే వాళ్ల తరఫున నేను మొదలుపెట్టాను" అని మంత్రిగారు విలేకరుల సమావేశంలో ప్రకటించారు. రోజూ సాయంత్రం ఆరింటికి ఒక గంట ఆన్‌లైన్‌లో చదరంగం ఆడతారట. ఏడాది తిరిగేలోగా పదిహేను వందల రేటింగ్ సాధించి ప్రజలకు అంకితమిస్తారట.

విలేకరుల వెనక నిలబడ్డ పీఏ అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు. కొట్టక చస్తాడా? అతని బదిలీ ఫైలు నాలుగేళ్లుగా మంత్రిగారి బల్ల మీదే ఉంది. భార్యదీ అదే శాఖ. ఆవిడ పనిచేసే ఊరికి రైల్లో పద్నాలుగు గంటలు. నాలుగేళ్లుగా వాళ్ల కాపురమంతా ఫోన్లోనే.

మొదటి వారం మంత్రిగారు స్వయంగా ముప్పై ఒక్క ఆటలు ఆడి, ముప్పై ఒకటీ ఓడారు. ఒకటైతే నాలుగు ఎత్తుల్లోనే తేలిపోయింది. "సమయాన్ని ఇంత పొదుపుగా వాడిన నాయకుడు లేడు" అని పీఏ పత్రికలకి నోట్ పంపాడు.

మర్నాడు మంత్రిగారు అతన్ని లోపలికి పిలిచి తలుపేశారు.

"ఏమయ్యా, నీకు చదరంగం వచ్చా?"

"కాలేజీలో కప్పులు గెలిచానండీ."

"గెలవడం ఎవడికైనా వస్తుంది. ఓడటం వచ్చా?"

"నేర్చుకుంటానండీ."

"అయితే పది దొంగ పేర్లు పెట్టుకో. రోజూ ఆరింటికి బయట గదిలో కూర్చుని నాతో ఆడు. పదిహేను వందలు దాటిన రోజు నీ ఫైలు మీద సంతకం. ఇది పరమ రహస్యం. మీ ఆవిడక్కూడా చెప్పకు."

పీఏ కష్టాలు పగవాడిక్కూడా వద్దు. పగలంతా దొంగ పేర్లతో ఊరూపేరూ తెలియని వాళ్లని గెలిచి రేటింగ్ పోగెయ్యాలి. సాయంత్రం అదంతా మంత్రిగారికి సమర్పించుకోవాలి. ఫైళ్లు గుట్టలు పడ్డాయి. పడనీ, దేశం ఆలోచిస్తోంది కదా! ఎదుటి మంత్రిని మాత్రం చంపకూడదని మొదటిరోజే ఒట్టు పెట్టుకున్నాడు. సర్వీసు రూల్సు ఉన్నాయిగా.

ఆ వారం నుంచే మంత్రిగారి ఆట తీరు పూర్తిగా మారిపోయింది. ఏనుగులు పోయినా చలించరు. గుర్రం జోలికొస్తే మాత్రం అన్నీ వదిలేసి దాన్ని వెనక్కి, దాని గడిలోకి తెచ్చుకుంటారు. అలాంటి ఆటగాడికి ఓడటమంటే మాటలా? ఒకరోజు పీఏ తన రాజుని ఒంటరిగా బోర్డు అవతలి కొసకి నడిపించుకెళ్లి అప్పగించాడు. అయినా కట్టెయ్యడానికి అవతలివైపు పదకొండు ఎత్తులు పట్టింది. పత్రికలు దీనికి 'అశ్వరక్షణ శైలి' అని పేరు పెట్టాయి. ఈ ఆట ఎక్కడో చూసినట్టుందే అని పీఏకి అప్పుడప్పుడూ అనిపించేది.

మూసిన తలుపు వెనక నుంచి గురక వినిపించేది. ఎత్తులు మాత్రం వరసగా వచ్చేవి. నిద్రలో కూడా పనిచేసే బుర్రని పీఏ అంతకుముందు చూడలేదు.

ఇంటి సంగతికొస్తే, ఆరు నుంచి ఏడు దాకా భార్య ఫోనెత్తేది కాదు. "ఆఫీసు పనండీ, అడక్కండి" అనేది. "నాకూ పనే, నువ్వూ అడక్కు" అనేవాడు. అనుమానాల్లేని కాపురం.

పదకొండో నెలలో రేటింగ్ పదిహేను వందలు దాటింది. ఆఫీసులో కేకు కోశారు. మంత్రిగారు మాట తప్పలేదు, సంతకం పెట్టారు. ఆర్డరు జేబులో పెట్టుకుని పీఏ వరండాలోకి ఒక్క ఉరుకు ఉరికి భార్యకి ఫోన్ చేశాడు.

"ఏమోయ్! బదిలీ అయిపోయింది! మీ ఊరికే!"

అవతల ఒక్క కేక. "అయ్యో, నాకూ అయిందండీ! మీ ఊరికి! పొద్దున్నే ఆర్డరొచ్చింది. సామాను లారీ ఎక్కించేసి, మీకు చెప్పకుండా వద్దామని రైలెక్కేశాను!"

పీఏ గోడకి ఆనుకున్నాడు. "నీకెందుకిచ్చారు?"

"రహస్యమన్నారు. ఇంకేముందిలెండి. పదకొండు నెలలుగా మంత్రిగారి పేరుతో ఆడుతున్నది నేనే! పదిహేను వందలు దాటిస్తే బదిలీ అన్నారు. ఎంతమందిని చిత్తు చేశానో తెలుసా? ఇంత బాగా ఆడతానని నాకే తెలీదు!"

"మరి... ఆ గుర్రాలు?"

"పెళ్లయిన కొత్తలో మీరు నా గుర్రాన్ని చంపితే రెండ్రోజులు మాట్లాడలేదు, మర్చిపోయారా?"

పీఏకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆ చిత్తయినవాళ్లెవరో చెప్పడానికి మాత్రం నోరు రాలేదు.

"నువ్వు చాలా బాగా ఆడతావే" అన్నాడు.

ఆ సాయంత్రం మంత్రిగారు మళ్లీ ప్రకటించారు: "భార్యాభర్తలిద్దరికీ ఒకే రోజు బదిలీ ఇచ్చిన ఏకైక శాఖ మాది. నా తదుపరి లక్ష్యం రెండు వేలు!" బదిలీ అయినవాళ్లు మూడేళ్లదాకా మళ్లీ అడగకూడదని రూలు. రెండు వేలు దాటితే ఆ రూలు సడలిస్తామని ఇద్దరికీ విడివిడిగా, రహస్యంగా కబురొచ్చింది.

సోమవారం ఆరింటికి భార్య వదిలొచ్చిన ఊళ్లో, ఆవిడ ఖాళీ చేసిన కుర్చీలో కూర్చుని పీఏ ఫోన్ తెరిచాడు. అవతల గుర్రం ఒకసారి బయటికొచ్చి చూసి, మళ్లీ తన గడిలోకి వెళ్లిపోయింది.

పీఏ తన మంత్రిని తీసుకెళ్లి దాని ముందు పెట్టాడు.