భూతద్దం కింద బొద్దమ్మ

“ఈ పేటలో దొంగలు ఇంకా హాయిగా నిద్రపోతున్నారంటే కారణం ఒక్కటే వదినా! నేనింకా పూర్తిగా రంగంలోకి దిగలేదు!” అన్నాడు భూతద్దం, పెరటి గుమ్మంలో నడుం మీద చేతులేసుకుని.

“దిగేదేదో చెప్పులు విప్పి దిగు మహానుభావా, ఇప్పుడే మెట్లు కడిగాను,” అంది వదిన.

అతనికి తల్లిదండ్రులు పేరొకటి పెట్టే ఉంటారు గానీ, మెడలో దారానికి వేలాడే ఆ అద్దం వల్ల అందరికీ భూతద్దమే అయ్యాడు. ఇప్పటిదాకా ఛేదించిన కేసు ఒక్కటే. వాళ్ళ నాన్న పోగొట్టుకున్న కళ్ళజోడు వాళ్ళ నాన్న నెత్తిమీదే దొరికింది. అందుకు రెండు రోజులు పట్టింది.

ఇవాళ్టి కేసు అంత తేలికైనది కాదు. వదిన పెంచుతున్న నాలుగు కోడిపిల్లలకి నాలుగో నెల వచ్చింది. ఏది పెట్టో ఏది పుంజో ఎవరికీ అంతుపట్టలేదు. పొద్దున్నే వాటిలో ఏదో ఒకటి గొంతు చించుకుని కూసింది. పక్క వాటాలో పడుకున్న ఇంటి ఓనరు ఉలిక్కిపడి మంచం మీంచి జారి పడ్డాడు.

“పెట్టలుంటే ఉండనీ. ఆ పుంజు మాత్రం పది గంటలకల్లా మా బావమరిది తోటకి పోవాల్సిందే!” అని తేల్చేశాడాయన.

అప్పట్నుంచి వదిన కూతురు తన ముద్దుల కోడిపిల్ల బొద్దమ్మని ఒళ్ళోంచి దించలేదు. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయాయి.

“బాబాయ్, ఇది పుంజు కాదుగా? అంత దూరం పోతే నాకు మళ్ళీ కనిపించదు.”

“చట్టానికి చుట్టరికం లేదమ్మా!” అన్నాడు గంభీరంగా. అన్నాడే గానీ, ఆ పిల్ల మొహం చూసి లోపల చివుక్కుమంది.

“అనుమానితులందరూ వరసలో నిలబడండి!”

అనుమానితులు తలో దిక్కూ పారిపోయాయి. భూతద్దం మోకాళ్ళ మీద పాకి, నేలమీద ఏదో చూసి కేక పెట్టాడు. “ఆధారం దొరికింది!”

“అది ఆధారం కాదు, రెట్ట,” అంది వదిన.

చివరికి పరీక్షకి నిలబడింది పిల్ల ఒళ్ళోని బొద్దమ్మ ఒక్కతే. మాలిమైన ప్రాణం కదా! భూతద్దం అద్దం దగ్గరగా పెట్టి, నోరు తెరిచి ఉండిపోయాడు.

“వదినా! పుంజుకి తురాయి పెద్దగా, ఎర్రగా ఉంటుందని పుస్తకంలో చదివాను. దీనిది చూడు, మందారపువ్వంత ఉంది!”

“ఆ అద్దం తీసి చూడవయ్యా!”

“అద్దం తీసి చూడ్డానికి డిటెక్టివ్ దేనికి?”

“మరి ఆ నల్లదాని తోక దగ్గర ఈకలు సూదుల్లా ఉన్నాయే? పుంజుకేగా అలా ఉండేది?”

“అదా! పాపం మహాసాధ్వి. మగవాణ్ణి చూసి సిగ్గుపడి మూలకి పోయింది. నేరస్థుడు మాత్రం బొద్దమ్మే!”

సరిగ్గా పదింటికి ఓనరు గంప పట్టుకుని వచ్చాడు. పిల్ల బావురుమంది. భూతద్దం కళ్ళు తుడుచుకుని, బొద్దమ్మని చంకలో పెట్టుకుని బయల్దేరాడు. రెండడుగులు వేశాడో లేదో, కాలు కోళ్ళ గింజల పళ్ళెంలో పడి జర్రున జారింది. బొద్దమ్మ ఎగిరి గోడ ఎక్కింది. అతగాడు వెల్లకిలా నీళ్ళ తొట్టిలో కూలబడి, “అమ్మోఓఓఓ!” అని పేట దద్దరిల్లేలా అరిచాడు.

ఆ అరుపుకి మూలనున్న మహాసాధ్వికి రోషం పొడుచుకొచ్చింది. మెడ నిక్కించి, రెక్కలు టపటపలాడించి, “కొక్కొరోకో!” అని బదులిచ్చింది.

అందరూ నల్లదాని వైపు తిరిగారు. అది ఇంకోసారి కూసింది.

“చూశారా! ఇదే నా ధ్వని పరీక్ష. నేరస్థుణ్ణి రెచ్చగొట్టి బయటికి లాగడం!” అన్నాడు భూతద్దం.

“ముందు నువ్వు తొట్టిలోంచి బయటికి రా నాయనా,” అంది వదిన, నవ్వాపుకోలేక.

ఓనరు నల్లదాని వెంట పెరడంతా మూడు చుట్లు తిరిగి, ఎలాగో దాన్ని గంపకెత్తాడు. పిల్ల బొద్దమ్మని గుండెలకి హత్తుకుని తొట్టి దగ్గరికొచ్చింది.

“బాబాయ్, నువ్వు పడకపోయుంటే దీన్ని పంపించేసేవాళ్ళం. ఇంకెప్పుడూ కిందికి చూసి నడవకు, సరేనా?”

“అలాగేనమ్మా,” అని మాటిచ్చి లేచిన భూతద్దం, రెండో అడుగులోనే ఆ మాట నిలబెట్టుకున్నాడు.