మౌనిక చేసిన పులి

ఆ పొద్దున మౌనిక అనుకున్న పని చిన్నది. తలంటు పోసుకుని, రేగొండ పోయి, కుట్టడానికిచ్చిన జాకెట్లు తెచ్చుకోవాలి. జుట్టు ఇంకా ఆరలేదు. మిరప ఏరబోయిన తల్లి తుల్సీబాయి, మరో నలుగురు ఆడవాళ్లు ఎగపోసుకుంటూ తండాలోకి వచ్చి పడ్డారు.

"పులే! సక్రు చేనుల గాండ్రించింది! నా సద్దిగిన్నె ఆడనే పడ్డది!"

మౌనిక బెదిరింది. పులి వచ్చిందని కాదు, ఆ పులి తనదేనని. మక్కచేలలో పడే అడవిపందుల్ని తరమడానికి, మీట నొక్కితే పులిలా గాండ్రించే యాప్ చేసి రైతులకు ఊరికే పంచింది. పందులు పోయాయి. ఆ తర్వాత జనం దాన్ని సొంత పనులకు వాడటం మొదలుపెట్టారు. ఒకడు తాటివనంలో గాండ్రింపజేసి, అందరూ వదిలి పరుగెత్తిన కల్లంతా తానే తాగాడు. ఇంకొకడు ఎంతకీ కదలని చుట్టాలను ఒక్క అరుపుతో బస్సెక్కించాడు. ఎవరైనా అడిగితే మౌనిక ఒకటే మాట అనేది: "కొడవలి చేసిన కమ్మరిని పట్టుకుంటరా? నేను పందుల కోసం చేసిన."

సక్రు చేను పక్కనే ఐలేశ్ చేను. మౌనిక నేరుగా అక్కడికే పోయింది.

"మామా, పొద్దుగాల అరిచిన పులి నీదే కదా?"

"జర మెల్లగ, బిడ్డా! కూలోళ్లు దొరక్క నా మిరప చెట్టుమీదనే ఎండుతున్నది. ఆడ బెదిరితే ఈడికొస్తరనుకున్న. అయినా పులిని చేసింది నువ్వు, తిట్లు నాకా?"

అంతలో సక్రు భుజాన తీగచుట్టతో వచ్చాడు. "చేను చుట్టు కరెంటు పెడ్తున్న. పులో నేనో తేలాలె!"

ఆ చేని గట్టే తండాకు బాట. సద్దిగిన్నె కోసం తుల్సీబాయి, వెంట మిగతా ఆడవాళ్లూ అప్పుడే ఆ గట్టు మీద వస్తున్నారు. మౌనికకు కమ్మరి మాట నోటిదాకా వచ్చింది, తీగను చూసి లోపలికి పోయింది.

"కాకా, ఆగు! పులి లేదు. గది నా యాప్!"

అందరి ముందే చెప్పింది. అక్కడే నిలబడి, యాప్‌కు అప్‌డేట్ పంపి, ఒక్క ఫోనులో కూడా మిగలకుండా ఆ గాండ్రింపును చెరిపేసింది.

"నీ చదువు మన్నుగాను!" అంది తుల్సీబాయి. సక్రు తిడుతూనే తీగ చుట్టేశాడు. అరిపించింది తనేనని ఒప్పుకున్న ఐలేశ్‌ను శిక్షగా నీళ్లక్యాను మోయమన్నారు. ఆడవాళ్లు కొంగులు దోపుకుని, నవ్వుకుంటూ మళ్లీ మిరపచేలోకి దిగారు. మౌనిక కూడా గట్టెక్కింది. ఇప్పుడు తన వల్ల ఎవరికీ ఏమీ కాదు.

అప్పుడు పక్క మక్కచేలో గాండ్రింపు వినిపించింది.

ఆడవాళ్లు పడీపడీ నవ్వారు. తుల్సీబాయి చెప్పు తీసి మక్కలోకి నడిచింది. "ఐలేశ్ తమ్మీ, ఇంక సిగ్గు రాలేదా? ఉండు, నీ పని చెప్త!"

"అక్కా..." మౌనిక వెనక నుంచి ఐలేశ్ గొంతు పీలగా వచ్చింది. "నేనీడనే ఉన్న."

మౌనిక తన తల్లి వెనక పరుగెత్తింది. "యాడీ, ఆగు! గది నాది కాదు!"

"ఇప్పుడే కదనే పులి లేదంటివి! ఊకో."

గాండ్రింపు మళ్లీ వచ్చింది, ఇంకా దగ్గరగా. మక్కకర్రలు కదిలాయి. తుల్సీబాయి ఎత్తిన చెప్పు ఎత్తినట్టే ఉండిపోయింది.

పులి మాత్రం అప్‌డేట్ చేసుకోలేదు.