వడ్డీ లేని ట్రాన్స్‌ఫర్

ఆ శుక్రవారం పొద్దున చంద్రశేఖర్ పెట్టుకున్న పని ఒక్కటే. బొమ్మసంద్ర వెళ్ళే కంపెనీ బస్సు వచ్చేలోగా క్రెడిట్ కార్డు బ్యాంకుకు ఫోన్ చేసి, ఇంట్లో తెలియకుండా ఒక అనుమానం తీర్చుకోవాలి.

ఆ అనుమానం వెనక ఒక పట్టుచీర ఉంది. పెళ్ళయి పాతికేళ్ళు నిండాయని చిక్కపేట చీరల బజారులో భార్య జయమ్మకు ముప్పై వేల చీర కొన్నాడు. ధర చెబితే తిరిగిచ్చి రమ్మంటుందని భయపడి, దుకాణం ఎత్తేస్తున్నారు, అయినకాడికి అమ్ముతున్నారు, ఐదు వేలకే వచ్చిందన్నాడు. జయమ్మ పొంగిపోయి అదే రేటుకు తన అక్కలిద్దరికీ చెరొకటి తెమ్మంది. అబద్ధమాడిన నోటితో కాదనలేక అతను మళ్ళీ చిక్కపేట వెళ్ళాడు. అక్కలు చెరో ఐదు వేలూ లెక్కగా ఇచ్చారు. మిగతాదంతా కార్డు మీద పడి, వడ్డీ తిని ఒళ్ళు చేయసాగింది. చివరికి ఇంకో బ్యాంకువాళ్ళు, ఆ బాకీని తమ కార్డుకు మార్చుకుంటే ఆరు నెలలు వడ్డీ ఉండదన్నారు. చంద్రశేఖర్ మారు మాట్లాడకుండా సంతకం పెట్టాడు. తీరా నిన్న, ఈ నెల కనీస వాయిదా, అంటే మినిమమ్, నేటిలోగా కట్టాలని మెసేజ్ వచ్చింది. వడ్డీయే లేనప్పుడు ఈ కట్టడమేమిటో అతనికి అంతుబట్టలేదు.

వంటింటి పక్క బాల్కనీలో నిలబడి ఫోన్ చేశాడు. బ్యాంకు అమ్మాయి ఓపికగా వివరించింది. వడ్డీ లేదంటే కట్టక్కర్లేదని కాదు. ప్రతినెలా బాకీలో నూటికి ఐదు చొప్పున కట్టాల్సిందే. ఒక్క నెల తప్పినా ఆ సున్నా వడ్డీ ఎగిరిపోయి పూర్తి వడ్డీ పడుతుంది. పాఠం సరిగ్గా ఎక్కిందో లేదోనని చంద్రశేఖర్ గొంతు తగ్గించి అప్పజెప్పాడు.

"ట్రాన్స్‌ఫర్ అయిపోయింది కదా మేడమ్, ఆరు నెలలకి. ఇంట్లో ఇంకా చెప్పలేదు. ఆ ఆరు నెలలూ ఇంట్రెస్ట్ ఉండదు, నెలనెలా మినిమమ్ పంపిస్తా ఉంటే చాలు. అంతే కదా?"

కిటికీ ఇవతల కొత్తిమీర తరుగుతున్న జయమ్మ చెయ్యి ఆగిపోయింది. మొగుడికి ట్రాన్స్‌ఫర్ అయింది. ఇంట్లో చెప్పలేదు. ఆరు నెలలు సంసారం మీద ఇంట్రెస్ట్ ఉండదు. ఖర్చులకు మాత్రం మినిమమ్ పంపిస్తాడు. పైగా ఇదంతా ఎవరో మేడమ్‌తో చెప్పుకుంటున్నాడు.

చంద్రశేఖర్, డబ్బు టీ వేళ కట్టవచ్చులే అనుకుని, తేలికపడ్డ మనసుతో బస్సెక్కాడు. జయమ్మ మేడమీదికి వెళ్ళింది. అక్కడ ఇంటి ఓనరు పాపక్క ఉంటుంది. బొమ్మనహళ్ళిలో ఆ వీధికి వార్త చేరాలంటే పాపక్క చెవిన వేస్తే చాలు. మగవాణ్ణి ఆరు నెలలు ఒంటరిగా వదలకూడదని, జయమ్మ కూడా వెంట వెళ్ళాల్సిందేనని ఆమె తేల్చేసింది. ట్రాన్స్‌ఫర్ పూణేకి అయి ఉంటుందని మొదట అనుకున్నారు. భోజనాల వేళకు అది ఢిల్లీ అయింది. జయమ్మ అటక మీది సూట్‌కేసు దించి రగ్గులు, మంకీ క్యాప్ సర్దింది. పాపక్క గేటుకు టు-లెట్ బోర్డు కట్టింది.

అంతటితో ఆగినా బాగుండేది. జయమ్మ ధైర్యం చేసి భర్త మేనేజర్ దీపక్‌కు ఫోన్ చేసి, మా ఆయనకు బీపీ ఉంది, ఈ ట్రాన్స్‌ఫర్ ఆపమని బతిమాలింది. దీపక్ ఆశ్చర్యపోయాడు. తుమకూరులో కొత్త యూనిట్‌కు ఆరు నెలలు మనిషిని పంపడానికి నెల రోజులుగా వెతుకుతున్నాడు, ఒక్కరూ ముందుకు రాలేదు. చంద్రశేఖర్ వెళ్ళాలనుకుంటున్నాడేమోనని వెంటనే అతన్ని పిలిపించి, ట్రాన్స్‌ఫర్ గురించి ఇంటినుంచి ఫోన్ వచ్చిందన్నాడు.

చంద్రశేఖర్‌ కార్డు గుట్టు రట్టయిందనుకున్నాడు.

"ఆమెకి ఎట్లా తెలిసింది సార్?"

"అదంతా వదిలేయండి. మీకు ఓకేనా, కాదా?"

"నేను ఇష్టపడే ఒప్పుకున్నా సార్. ఆరు నెలలే కదా."

దీపక్ లేచి చెయ్యి కలిపాడు. తన గదిలోనే కూర్చోబెట్టి కాఫీ తెప్పించాడు. కార్డు మీద అప్పు చేసినవాడికి మేనేజర్లు ఇంత మర్యాద చేస్తారని చంద్రశేఖర్ ఎన్నడూ అనుకోలేదు. ఆ మర్యాదలో పడి మినిమమ్ సంగతి మరిచిపోయాడు. సాయంత్రం బస్సులో మెయిల్ తెరిచి చూస్తే, సోమవారం తుమకూరులో చేరాలని ఆర్డరు ఉంది. దాన్ని మూడుసార్లు చదివాక గానీ, కాఫీ దేనికి ఇచ్చారో అతనికి వెలగలేదు.

ఇంటికి చేరేసరికి ఎవరో కొత్త దంపతులు హాల్లో తమ బీరువా పడుతుందో లేదోనని టేపుతో కొలుస్తున్నారు. పాపక్క టేపు రెండో కొస పట్టుకుంది. జయమ్మ సూట్‌కేసు పక్కన కూర్చుని ఉంది.

"ఆ మేడమ్ ఎవరు?" అంది.

చంద్రశేఖర్ అక్కడే స్టూలు మీద కూలబడి చీర దగ్గర్నుంచి మెయిల్ దాకా చెప్పేశాడు. టేపు చప్పుడు కూడా ఆగిపోయింది. 

"అంటే మా అక్కలకి ముప్పై వేల చీరలు మనం కట్టబెట్టినామా?" అంది జయమ్మ. "గృహప్రవేశానికి వాళ్ళు నాకు పెట్టింది రవిక గుడ్డ."

తర్వాత, ఇవాళ కట్టాల్సింది కట్టారా అని అడిగింది. అతను ఉలిక్కిపడి, కూర్చున్నచోటనే ఫోన్ తీసి కట్టేశాడు. గండం గడిచిందని ఊపిరి వదిలి, ఇంకో ఐదుసార్లు ఇట్లాగే కడితే బాకీ తీరిపోతుందన్నాడు.

"నూటికి ఐదు అంటిరే. ఆరుసార్లు కడితే ముప్పై. మిగిలిన డెబ్బై ఎవరు కడతారు?"

చంద్రశేఖర్ వేళ్ళ మీద లెక్కపెట్టి చూశాడు. ఈ ప్రశ్న బ్యాంకు అమ్మాయిని అడగాలని అతనికి తట్టనేలేదు.

"మినిమమ్ అంటే వాళ్ళు మన జోలికి రాకుండా ఉండేదానికప్పా, అప్పు తీరేదానికి కాదు" అంది జయమ్మ. "ఆరు నెలల్లో మొత్తం కట్టకపోతే మళ్ళీ వడ్డీ మొదలవుతాది."

చంద్రశేఖర్ తుమకూరు వద్దని దీపక్‌కు ఫోన్ చేయబోతుంటే, ఆమె అతని చేతిలోంచి ఫోన్ అందుకుని మెయిల్ చివరిదాకా చదివింది. బస కంపెనీదే. జీతం కాక నెలకు పదిహేను వేలు భత్యం. ఫోన్ తిరిగి అతని చేతిలో పెట్టి, సూట్‌కేసులోంచి మంకీ క్యాప్ తీసి పక్కన పడేసింది.

"మీకు సోమవారం పొద్దున్నే బస్సు ఉండాది. నేను ఇక్కడే ఉంటా" అంది. పాపక్క బోర్డు విప్పడానికి గేటు దగ్గరికి వెళ్ళింది.

భత్యం వచ్చింది వచ్చినట్టు బ్యాంకుకే వెళ్ళింది. ఆరో నెలకు బాకీ పూర్తిగా తీరిపోయింది. చంద్రశేఖర్ శనివారాలు ఇంటికొచ్చి, వారానికి సరిపడా వేరుశెనగ పొడి చేయించుకుని వెళ్ళేవాడు. ఒకళ్ళనొకళ్ళు విసుక్కోవడానికి ఇద్దరికీ తీరిక ఉండేది కాదు. ఇంకో ఆరు నెలలు అక్కడే ఉండగలరా అని దీపక్ అడిగినప్పుడు, చంద్రశేఖర్ ఆలోచించుకుని చెబుతానన్నాడు. జయమ్మ ఆలోచించకుండానే సరేనంది.