విడివిడి టీకాల మేడ

వరద నీళ్ళు మా మేడ మెట్లెక్కి కూర్చున్న ఏడాది, ఆ నీళ్ళు దిగీ దిగకముందే, మా డాబా మీద ఒక చరిత్రాత్మక ప్రకటన వెలువడింది. "మన పిల్లల ఒళ్ళు సంతకెళ్ళే సంచీ కాదు, కనిపించిందల్లా ఒకేసారి కుక్కడానికి. ఏ రోగం టీకా ఆ రోగానిదే, దాని రోజు దానిదే. ఇది ఆలోచించే తల్లిదండ్రుల హక్కు" అని ఆరేసిన దుప్పట్ల మధ్య నిలబడి అధ్యక్షుడు చాటాడు. ఒక దుప్పటి గాలికి లేచి ఆయన మొహాన్ని కప్పేసింది. అయినా ప్రకటన ఆగలేదు.

అధ్యక్షుడంటే దేశానికి కాదు, మా మేడకి. ఆలోచించే తల్లిదండ్రుల సమాఖ్య అని ఒకటి పెట్టుకున్నారు. ఆయన కాలేజీలో అర్థశాస్త్రం చెబుతాడు కనుక రోగాల సంగతి కూడా ఆయన్నే చూసుకోమన్నారు. తూనికలు కొలతల ఆఫీసులో గుమాస్తాగా చేసే మా అబ్బాయి దానికి కార్యదర్శి. మూడో తరగతితో బడి మానేసిన నాకు అందులో చోటు లేదు; మనవరాల్ని ఎత్తుకుని వెనక నిలబడే పని మాత్రం ఉంది. నేను పెద్దగా మాట్లాడను. మాట్లాడనివాణ్ణి ఎవరూ బయటికి పొమ్మనరు. అందుకే అన్నీ విన్నాను.

విషయం ఇది. ఏడాది నిండిన పిల్లలకి ఆరోగ్య కేంద్రంలో ఒక సూది వేస్తారు. అందులో మూడు టీకాలు కలిసి ఉంటాయి. తట్టుకి ఒకటి, గవదబిళ్ళలకి ఒకటి, నా నోరు తిరగని రోగానికి ఇంకొకటి. ఒక్క సూది, ఒక్క ఏడుపు, పని అయిపోతుంది. చిక్కంతా అక్కడే వచ్చింది. ఊరందరి పిల్లలకీ వేసేదే మన పిల్లలకీ వేయిస్తే ఇక మనం ఆలోచించినట్టు పదిమందికీ తెలిసేదెలా? అందుకని మూడింటినీ మూడు సూదులుగా, నడుమ నెలల ఎడం ఇచ్చి వేయించాలని తీర్మానించారు. అలా విడివిడిగా ఉండేవి ఆరోగ్య కేంద్రంలో దొరకవు. అద్దాల తలుపుల క్లినిక్ ఒకటి తెప్పించి పెడతానంది. దారిలో ఉన్నాయని వాళ్ళు వారం వారం చెప్పేవారు. ఏ దారో చెప్పలేదు.

డాబా మీద మీటింగులకి ఒక పద్ధతి ఉండేది. విడివిడిగా వేయిస్తామన్నవాళ్ళకి కుర్చీలు, కలిపి వేయిస్తామన్నవాళ్ళకి చాప. మొదటి వారం చాప నిండా మనుషులున్నారు. తర్వాతి వారానికి చాప చుట్టి మూల నిలబెట్టారు. వాదనలో బలం అలాంటిదని అధ్యక్షుడు అన్నాడు. మోకాళ్ళ నొప్పులని నేననుకున్నాను.

మెట్ల కింద బల్ల వేసుకుని మేడ మొత్తానికి బట్టలు ఇస్త్రీ చేసే అమ్మాయి ఒకతి ఉంది. ఆమె కొడుకు బుజ్జోడూ మా మనవరాలు బుల్లీ ఒక ఈడువాళ్ళు. ఒకే గిలక్కాయని ఇద్దరూ చీకుతారు. బుజ్జోడికి ఏడాది నిండగానే ఆ అమ్మాయి వాణ్ణి చంకనేసుకుని ఆరోగ్య కేంద్రానికి బయలుదేరింది. మా కోడలు మెట్ల దగ్గరే పట్టుకుంది.

"ఎక్కడికే? కలిపి వేయిస్తావా? ఆ పసి ఒళ్ళు ఒకేసారి మూడింటిని మోస్తుందా?"

"నర్సమ్మ రమ్మందక్కా."

"నర్సమ్మ అందర్నీ రమ్మంటుంది. నువ్వు ఆలోచించుకోవద్దూ?"

ఆలోచించుకొమ్మని ఆ అమ్మాయికి అంతవరకు ఎవరూ చెప్పి ఉండరు. ఆగిపోయింది. ఆ వారం డాబా మీద ఆమెకీ ఒక కుర్చీ వేశారు. ఎప్పుడూ గుమ్మం పక్కన బట్టల మూటతో నిలబడే మనిషి, మూట ఒళ్ళో పెట్టుకుని కుర్చీ అంచున కూర్చుంది. "శ్రామిక వర్గం సైతం మనతో ఏకీభవించినందుకు ఈ సభ హర్షం వ్యక్తం చేయుచున్నది" అని మా అబ్బాయి చదివాడు. చప్పట్లు తన కోసమేనని తెలిసి ఆ అమ్మాయి సిగ్గుపడి నవ్వింది.

ఇంతలో తట్టు వచ్చింది. వరద బురద ఇంకా ఎండలేదు, వెనక సందులో పిల్లలు జ్వరాలతో పడ్డారు. ఒక పాపని పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. తట్టుకి క్లినిక్ వాళ్ళ మర్యాద తెలియదు. దారిలో ఉన్నానని కబురు పెట్టకుండానే వచ్చేస్తుంది.

మా కోడలు గంటగంటకీ బుల్లి చొక్కా ఎత్తి ఒళ్ళంతా వెతికేది. ఏం చేద్దామని అబ్బాయిని అడిగితే, విషయం పరిశీలనలో ఉందనేవాడు. వాడికి ఇల్లయినా ఆఫీసయినా ఒకటే. ఉప్పు అయిపోయిందన్నా కొన్నాళ్ళు పరిశీలనలో ఉంటుంది. చివరికి ఒక పొద్దున ఇద్దరూ తలుపు వేసుకుని గుసగుసలాడుకున్నారు. పిన్నిని చూసొద్దాం మామయ్యా, బుల్లిని ఎత్తుకోవడానికి మీరూ రండి అని కోడలు పిలిచింది. ఆ పిన్ని పోయి చాలా కాలమైంది. నేనేమీ అనకుండా చెప్పులు వేసుకున్నాను.

బస్సు దిగి ఇంకో బస్సు ఎక్కాం. ఊరి ఆ చివర, మమ్మల్ని ఎవరూ ఎరగని పేటలో దిగాం. పిన్ని ఇల్లెక్కడా అని తలెత్తి చూస్తే ఎదురుగా ఆరోగ్య కేంద్రం. నాకు ప్రాణం లేచొచ్చింది. మొహాన కనపడనివ్వలేదు.

లోపల బెంచీ మీద ఒకాయన మొహానికి పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన ఒళ్ళోంచి ఒక చిన్న చెయ్యి పేపరు కింద నుంచి బయటికొచ్చి మా బుల్లి జుట్టు పట్టుకుని లాగింది. బుల్లి కెవ్వుమంది. పేపరు దిగింది. చూస్తే అధ్యక్షుడు. ఆ పక్కన గోడవైపు తిరిగి, చేతులు ఎలా కడుక్కోవాలో రాసిన కాగితాన్ని శ్రద్ధగా చదువుతున్నవాడు మా సమాఖ్య కోశాధికారి. ఆ వెనక మొహం నిండా కొంగు కప్పుకున్నావిడ ఆయన భార్య. డాబా మీది కుర్చీలు సగం ఇక్కడికే నడిచొచ్చాయి.

చదువుకున్నవాడు కనుక అధ్యక్షుడే ముందు తేరుకున్నాడు.

"పరిశీలనకి వచ్చాను. అవతలివాళ్ళ పద్ధతి దగ్గర్నుంచి చూడాలి కదా."

"మేమూ అందుకే వచ్చాం సార్" అన్నాడు మా అబ్బాయి.

కోశాధికారి దారి తప్పి వచ్చానన్నాడు. పిల్లనెత్తుకుని, టీకా కార్డు చేత పట్టుకుని, భార్యని వెంటబెట్టుకుని దారి తప్పాడట. అంతలో లోపల్నుంచి నర్సు తొంగి చూసి, "పరిశీలనకి వచ్చినవాళ్ళు ముందు రండి. పిల్లాడి చొక్కా చెయ్యి పైకి మడవండి" అంది. ఒక్కొక్కరే వెళ్ళి పరిశీలించి వచ్చారు. ఒక్కొక్క పరిశీలనకీ లోపల్నుంచి ఒక ఏడుపు వినిపించింది.

తిరిగి వచ్చేటప్పుడు అందరం ఒకే బస్సు ఎక్కి, ఒకరినొకరం ఎరగనట్టు దూరం దూరంగా కూర్చున్నాం. దిగేముందు అబ్బాయి నా పక్కకి జరిగాడు.

"ఎక్కడా అనకు నాన్నా. పరువు పోతుంది." మళ్ళీ తనే నవ్వాడు. "నువ్వెలాగూ అనవులే."

ఆ సాయంత్రమే మీటింగు. ఉక్క పోస్తోంది. పెద్దవాళ్ళు కాగితాలతో విసురుకుంటున్నారు. పిల్లలకి మాత్రం మణికట్టు దాకా పొడుగు చేతుల చొక్కాలు. బుజ్జోడొక్కడే బనీనుతో కుర్చీల మధ్య పాకుతున్నాడు. ఇస్త్రీ అమ్మాయి లేచి నిలబడింది.

"సార్, వెనక సందు పాపకి ఊపిరాడ్డం లేదంట. మావాడికి ఏం చెయ్యమంటారు?"

అధ్యక్షుడు గొంతు సవరించుకున్నాడు. "ఓర్పు కావాలమ్మా. మేమంతా ఓర్చుకోవడం లేదూ?"

ఆ అమ్మాయి మా కోడలి వైపు చూసింది. కోడలు బుల్లి చొక్కా చెయ్యిని ఇంకాస్త కిందికి లాగింది. "వచ్చే వారం తప్పకుండా వస్తాయన్నారే" అంది.

"మీ పిల్లలకే ఆగినప్పుడు నాకెందుకక్కా భయం" అని ఆ అమ్మాయి కూర్చుంది.

ఆ ఓర్పుని అభినందిస్తూ మా అబ్బాయి తీర్మానం చదివాడు. ఏకగ్రీవంగా నెగ్గింది. అందరి చేతులూ లేచాయి, ఆ అమ్మాయి చెయ్యి అందరికన్నా ముందు లేచింది.

మర్నాడు పొద్దున్నే కిందికి దిగాను. ఆ అమ్మాయి అధ్యక్షుడి చొక్కా ఇస్త్రీ చేస్తోంది. బుజ్జోడు బల్ల కింద ఆడుకుంటున్నాడు.

"అందరూ నిన్న కలిపే వేయించుకొచ్చారమ్మా" అన్నాను.

"ఏంటి తాతా?"

"టీకా. ఊరి ఆ చివరికెళ్ళి. మా బుల్లికి కూడా."

ఆమె కదల్లేదు. ఇస్త్రీపెట్టె కింద నుంచి కమురు వాసన వచ్చాక గానీ చెయ్యి ఎత్తలేదు.

"అక్క కూడానా?"

"అక్క కూడా."

"మరి నన్నెందుకు ఆపింది తాతా?"

వంగి బుజ్జోణ్ణి ఎత్తుకుని, పదమన్నాను.

మా సందు చివరే ఆరోగ్య కేంద్రం. అక్కడ వరసే లేదు. ఆలోచించేవాళ్ళంతా బస్సులెక్కి ఊరి ఆ చివరికి పోతుంటే ఇక్కడ వరస ఎలా ఉంటుంది? నర్సు బుజ్జోడి చేతికి సూది వేసి, గుండ్రటి చిన్న పట్టీ అంటించింది. జ్వరమో పొక్కులో కనిపిస్తే వెంటనే తీసుకురమ్మంది. వాడు ఏడ్చాడు. వాడి కన్నా వాళ్ళమ్మ ఎక్కువ ఏడ్చింది.

మేడ దగ్గరికి వచ్చాక ఆ అమ్మాయి వాడికి చొక్కా తొడగబోయింది. వద్దన్నాను. పట్టీ ఉన్న చెయ్యి బయటికి కనపడేలా వాణ్ణి భుజాన వేసుకుని, రెండో చేత్తో కమిలిన చొక్కా పట్టుకుని మెట్లెక్కాను. అందరూ ఆఫీసులకి బయలుదేరే వేళ, తలుపులన్నీ తెరిచి ఉన్నాయి. ప్రతి గుమ్మం ముందూ కాసేపు నిలబడ్డాను. అధ్యక్షుడు చొక్కా అందుకున్నాడు, దాని మీది మచ్చని చూశాడు, బుజ్జోడి చేతిని చూశాడు. చొక్కా గురించి ఏమీ అడగలేదు.

చివరిది మా ఇల్లు. అబ్బాయి బూట్లు తొడుక్కుంటున్నవాడు అలాగే ఉండిపోయాడు. కోడలు తల దించుకుంది. నేను బుజ్జోణ్ణి బుల్లి పక్కన చాప మీద కూర్చోబెట్టాను. బుల్లి పొడుగు చేతిని పట్టీ కనపడేదాకా పైకి మడిచాను. ఇద్దరికీ మధ్య గిలక్కాయ పెట్టి, వీధి తలుపు బార్లా తెరిచి, గుమ్మంలో కూర్చున్నాను.